ఓరుగల్లుకి నడిబొడ్డు ఎక్కడ?

విశాఖ నుంచి వరంగల్ వెళ్లేవాళ్లకి టికెట్ దగ్గరే ఒక సందేహం వస్తుంది. వరంగల్ స్టేషన్లో దిగాలా, కాజీపేట దాకా వెళ్లాలా? గోదావరి ఎక్స్‌ప్రెస్ రెండు చోట్లా ఆగుతుంది. మనం చేరాల్సిన ఇల్లు హనుమకొండలో ఉంటే ఏది దగ్గరో చెప్పమని అడిగి చూడండి, మనిషికో మాట చెబుతారు. హనుమకొండకి రైల్వే స్టేషనే లేదు. అయినా ఊరికి నడిబొడ్డు ఏదంటే హనుమకొండ చౌరస్తా అనేవాళ్లే ఎక్కువ. స్టేషన్ రోడ్డులో తరతరాలుగా వ్యాపారం చేసుకుంటున్నవాళ్లు మాత్రం ఒప్పుకోరు. వాళ్ల లెక్కలో అసలు వరంగల్ వాళ్లదే. కాజీపేటది వేరే లోకం, అది రైల్వే ఊరు. మూడు ఊళ్లు కలిసి ఒక నగరపాలక సంస్థ అయ్యాయి కానీ మూడింటికీ ఇప్పటికీ ఎవరి నడిబొడ్డు వాళ్లకుంది.

నేనీ విషయం పట్టుకోవడానికి కారణం మేం వెళ్లిన పద్ధతి. హోటల్లో దిగలేదు, చుట్టాలింటికీ వెళ్లలేదు. ఇళ్ల మార్పిడి మీద వెళ్లాం. హనుమకొండ చౌరస్తా వెనక సందులో ఉండే విశ్రాంత అధ్యాపక దంపతులు విశాఖలో మా ఇంటికి వచ్చారు, మేం వాళ్లింటికి వెళ్లాం. డబ్బు చేతులు మారలేదు. కానీ ఇద్దరి ఇళ్లనీ ఒక తూకం వేశారు. రాత్రికి ఇన్ని పాయింట్లని మార్పిడి వేదిక లెక్క కట్టింది. మా ఇంటికి ఎక్కువొచ్చాయి, వాళ్లింటికి బాగా తక్కువొచ్చాయి. ఆ తేడా న్యాయమా కాదా అన్న ప్రశ్న ఊరంతా తిరుగుతున్నంతసేపూ నా వెంటే ఉంది.

ఈ మార్పిడి కొత్తదేం కాదు. 1953లో యూరప్‌లో కొందరు ఉపాధ్యాయులు వేసవి సెలవుల్లో తక్కువ ఖర్చుతో దేశాలు చూడాలని ఇళ్లు మార్చుకోవడం మొదలుపెట్టారు. ఇంటర్‌వాక్ అలా పుట్టింది. అందరికీ ఒకేసారి సెలవులు, అందరివీ ఇంచుమించు ఒకే జీతాలు. ఇంటికి ఇల్లు, అంతే. నీది పెద్దదా నాది పెద్దదా అన్న బేరం ఉండేది కాదు. 1992లో అమెరికాలో ఎడ్ కుషిన్స్ హోమ్ఎక్స్ఛేంజ్ ప్రారంభించినప్పుడూ సూత్రం అదే. 2006లో 'ది హాలిడే' సినిమా వచ్చాక చాలామందికి ఈ సంగతి తెలిసింది. పాయింట్ల పద్ధతిని విస్తరింపజేసింది 2011లో ఫ్రాన్స్‌లో మొదలైన గెస్ట్‌టుగెస్ట్. అది 2017లో హోమ్ఎక్స్ఛేంజ్‌ను కొనేసింది. మన ఇంటికి ఒకరు వచ్చి ఉంటే పాయింట్లు జమ అవుతాయి, వాటితో మనం మూడోవాళ్లింటికి వెళ్లొచ్చు. ఇద్దరూ ఒకే తేదీల్లో కదలాల్సిన పనిలేదు. సౌకర్యం నిజంగా పెద్దదే. కానీ మూడోవాళ్లు రంగంలోకి రాగానే ఏ ఇల్లు ఎంత అని తేల్చక తప్పదు. ఇల్లు ఎక్కడుంది, ఎంతమంది పడుకోవచ్చు, ఏయే సదుపాయాలున్నాయి అన్న మూడింటి మీదే ఆ లెక్క నడుస్తుంది. ఈ లెక్కలో పారిస్ నడిబొడ్డున ఉన్న ఇరుకు ఫ్లాటు, ఎక్కడో పల్లెలో తోటతో సహా ఉన్న నాలుగు గదుల ఇల్లు దాదాపు ఒకే విలువకి రావచ్చు. గదులు తక్కువైనచోట స్థలబలం ఆ లోటు పూడుస్తుంది.

మరి హనుమకొండ చౌరస్తాకి ఆ స్థలబలం ఎందుకు రాలేదు?

మా ఫ్లాటు మధురవాడ దాటాక ఉంటుంది. లిఫ్టు, కారు పార్కింగు, మూడు పడకగదులు, రెండింట్లో ఏసీ. విశాఖ రైల్వే స్టేషన్ నుంచి మా గుమ్మంలోకి రావాలంటే ట్రాఫిక్‌లో గంట పట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు. వాళ్లది పాత మేడ. ముందు గచ్చు చేసిన చిన్న వాకిలి, వెనక మూత వేసిన బావి, రెండే గదులు. సందులోకి కారు రాదు. వేదిక అడిగే ప్రశ్నల్లో పార్కింగు ఉందా, లిఫ్టు ఉందా, ఈతకొలను ఉందా అనే గళ్లున్నాయి. గుడి ఎంత దూరం, బస్టాండు ఎంత దూరం, పొద్దున్నే పాలు ఎక్కడ దొరుకుతాయి అనే గళ్లు లేవు. పటం మీద గుచ్చిన గుర్తు మాత్రం ఉంది. ఆ గుర్తు చుట్టూ ఎంతమంది పర్యాటకులు ఇళ్లు వెతుకుతున్నారన్నదే లెక్కకి వస్తుంది కాబట్టి, సముద్రం ఉన్న విశాఖ ఒక్క దెబ్బతో పైకి వెళ్లింది. సముద్రం మా ఇంటికి ఎంత దూరమో ఎవరూ అడగలేదు.

తాళం పక్కింటి పెద్దావిడ దగ్గర ఉంచారు. మేం ఆటో దిగి సామాను మోసుకుంటూ సందులోకి రాగానే అరుగు మీంచి లేచి ఎదురొచ్చింది. "విశాఖ నుంచి వచ్చిండ్రా బిడ్డా? తాళంచెవి నా దగ్గర్నే ఉన్నది. ముందుగాల చాయ్ తాగుండ్రి, తర్వాత ఇల్లు సూస్కుందురు." చాయ్‌తో పాటు సర్వపిండి ముక్కలు పెట్టింది. నువ్వులు, పల్లీలు పడ్డ ఆ బియ్యప్పిండి రొట్టె అంచులు కరకరలాడుతున్నాయి, మధ్యలో ఇంకా మెత్తగా ఉంది. మా ఆవిడ ఎలా చేస్తారని అడిగేలోపే, రేపు పొయ్యి మీద పెట్టేటప్పుడు పిలుస్తానని ఆవిడే అంది.

లోపల భోజనాల బల్ల మీద ఒక నోటు పుస్తకం ఉంది. ఇంటాయన చేతిరాత. పాఠం చెప్పడం అలవాటైన మనిషి రాతలా గుండ్రంగా, వరసకి వరస సమానంగా ఉంది. నల్లా నీళ్లు ఏ పూట వస్తాయి, సంపు నిండాక మోటారు ఎంతసేపు వెయ్యాలి, ఇన్వర్టరు మీద ఏ ఫ్యాన్లు తిరుగుతాయి అన్నీ మొదటి పేజీలో రాశారు. తర్వాతి పేజీలన్నీ నడక దారులు. వెయ్యి స్తంభాల గుడికి పెద్దరోడ్డు మీంచి వెళ్లొద్దు, వెనక సందుల్లోంచి వెళితే నీడ ఉంటుంది. పద్మాక్షి గుట్ట ఎక్కాలంటే ఎండ రాకముందే. భద్రకాళి గుడికి సాయంత్రం వెళ్లండి, చెరువు మీద గాలి బాగుంటుంది. కోటకి మాత్రం ఆటో మాట్లాడుకోండి, ఉండేలా మాట్లాడుకోండి, దింపేసి వెళ్లిపోయేలా కాదు. ఇలా పది పేజీలకి పైగా ఉంది. ఆ పుస్తకానికి పాయింట్లు లేవు. అందులో ఉన్నదంతా ఆ ఇల్లు ఉన్న చోటు విలువే. ఆ చోటులో ముప్పై నలభై ఏళ్లు నడిచిన మనిషి దాన్ని ఇలా లెక్క కట్టి పెట్టాడు.

మర్నాడు తెల్లవారకముందే వెయ్యి స్తంభాల గుడికి నడిచి వెళ్లాం. 1163లో కాకతి రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం. శివుడికి, విష్ణువుకి, సూర్యుడికి మూడు గర్భగుళ్లు, మధ్యలో రంగమండపం. ఎదురుగా నల్లరాతి నంది. బస్సుల్లో వచ్చే యాత్రికులు పది దాటాక గానీ దిగరు. అప్పటిదాకా గుడి ఆ చుట్టుపక్కల సందులవాళ్లదే. ఒకాయన పేపరు చంకలో పెట్టుకుని ప్రదక్షిణ చేస్తున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు ట్యూషన్ పుస్తకాల సంచులతో వచ్చి దణ్ణం పెట్టుకుని పరుగున వెళ్లిపోయారు. స్తంభాల నునుపుదనం మీద మొదటి వెలుగు పడి, వాటి మధ్య పొడవాటి నీడలు ఒకదాన్నొకటి కోసుకుంటున్నాయి. 2006లో రాయి రాయిగా విప్పిన కళ్యాణమండపాన్ని మళ్లీ నిలబెట్టి 2024 మార్చిలో శివరాత్రినాడు తెరిచారు. దాని పునాది అంచున కూర్చుని ఎంతసేపైనా చూస్తూ ఉండొచ్చు. ఇది ఒక్క రోజు జరిగితే విశేషమే. ఉన్నన్నాళ్లూ రోజూ జరిగింది, ఎందుకంటే గుడి నడక దూరంలో ఉంది. నడిబొడ్డు ఇంటికి విలువ ఎక్కడినుంచి వస్తుందో ఆ తెల్లవారుజాముల్లోనే నాకు బోధపడింది. ఒక చోటుని ఒకసారి చూసి రావడానికి ఏ ఊరి చివర దిగినా ఒకటే. మళ్లీ మళ్లీ, వేర్వేరు వేళల్లో చూడాలంటే మాత్రం పక్కనే ఉండాలి.

నగరం మధ్యలో స్థలానికి ఎందుకంత ధర అన్నదానికి అర్థశాస్త్రంలో ఒక పాత సమాధానం ఉంది. 1826లో జర్మనీలో ఫాన్ థ్యూనెన్ పొలాల గురించి చెప్పినదాన్ని 1964లో విలియం అలోన్సో నగరాలకి అన్వయించాడు. కేంద్రం నుంచి దూరం పెరిగేకొద్దీ రాకపోకల ఖర్చు పెరుగుతుంది, ఆ మేరకు నేల విలువ తగ్గుతుంది. వినడానికి తిరుగులేదు. కానీ ఆ లెక్కకి ముందుగా ఒక కేంద్రం కావాలి. వరంగల్లో అది ఒక చోట నిలబడలేదు. కాకతీయుల తొలి రాజధాని అనుమకొండ, అంటే ఇప్పటి హనుమకొండే. తర్వాత ఓరుగల్లు కోట. ఆ తర్వాత రైలు వచ్చింది, 1934లో ఆజంజాహీ మిల్లు వచ్చింది, ఊరు స్టేషన్ వైపు మూగింది. మిల్లు సైరన్ మోగితే ఆ చుట్టుపక్కల పొయ్యిలు వెలిగేవని అక్కడి పెద్దవాళ్లు చెప్పారు. మిల్లు మూతపడ్డాక ఆ నేల ప్లాట్లయింది. ఈలోగా 1959లో రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ కాజీపేట వైపు, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం హనుమకొండ వైపు వచ్చాయి. చదువులూ ఆసుపత్రులూ కోచింగ్ సెంటర్లూ వాటి వెంట పడ్డాయి. అనుమకొండలో మొదలైన నడిబొడ్డు దాదాపు ఎనిమిది వందల ఏళ్లు తిరిగి మళ్లీ హనుమకొండకే చేరింది.

అసలు నడిబొడ్డు అంటే ఇదీ అని రాళ్లతో గీసి చూపించిన చోటు కూడా ఇదే ఊళ్లో ఉంది. అది కోట. అక్కడ నేను అనుకున్నదానికన్నా చాలా ఎక్కువసేపు ఉండిపోయాను.

గణపతిదేవుడు మొదలుపెట్టి, రుద్రమదేవి ఎత్తు పెంచిన రాతిగోడ గుండ్రంగా తిరుగుతుంది. దానికి 45 బురుజులు, నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు. బయట కందకం, దాని వెలుపల మట్టికోట. ద్వారంలోంచి దారి నేరుగా లోపలికి పోదు, ఒకటికి రెండుసార్లు మలుపు తిరుగుతుంది. శత్రువు ఏనుగుల జోరు విరగడానికి అలా కట్టారట. ఆ మలుపుల్లో ఇప్పుడు స్కూలు ఆటోలు ఎదురుపడి, ఒకటి వెనక్కి వెళితే గానీ రెండోది కదలదు. లోపలికొచ్చాక దారులు మళ్లీ సూటిగా మధ్యకి నడుస్తాయి. ఆ మధ్యలో స్వయంభూ శివాలయం ఉండేది. దాని చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు. రెండు స్తంభాలు, మీద అడ్డదూలం, దాని మీద హంసలు, కింద వేలాడే తామరమొగ్గలు. అంత బరువైన రాయిని అంత తేలిగ్గా కనిపించేలా చెక్కారు. ఆ తోరణమే ఇవాళ తెలంగాణ రాజముద్రలో ఉంది.

1323లో ఢిల్లీ సేనలు కోటని పట్టుకున్నాక గుడిని విప్పేశారు. తోరణాలని మాత్రం అలాగే ఉంచి, అదే మధ్యభాగంలో తమ మసీదు కట్టుకున్నారని రిచర్డ్ ఈటన్, ఫిలిప్ వాగనర్ 2014లో వచ్చిన తమ పుస్తకంలో వివరంగా వాదించారు. కాస్త పడమరగా ఖుష్ మహల్ నిలిచింది. పాలకుడు మారాడు, దేవుడి ఇల్లు మారింది, కానీ నడిబొడ్డుని ఎవరూ కదపలేదు. కొత్తగా వచ్చినవాడికీ ఆ చోటే కావలసివచ్చింది.

ఇవాళ ఆ చోటుని మధ్యకోట అంటారు. అక్కడ మనుషులు కాపురాలుంటున్నారు. చిన్న చిన్న ఇళ్లు, గోడల పక్కన గేదెలు, రాతిగోడకీ మట్టికోటకీ మధ్య వరిమళ్లు. ఒకింటి ముందు బట్టలుతికే బండగా పడి ఉన్న రాతి ముక్క మీద పూలతీగ చెక్కడం స్పష్టంగా కనిపించింది. ఆ ఇంటాయన కూలిపనికి వెళ్లి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. కొడుకు పెళ్లయింది, మీద ఒక గది వేసుకుందామంటే వీలు కావడం లేదని చెప్పాడు. రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆ పైన మరో రెండు వందల మీటర్లు అనుమతి మీదే. 2010లో సవరించిన చట్టం చెప్పేది ఇది. తోరణాలు నిలవాలంటే ఆ చట్టం ఉండాల్సిందే, నాకు అందులో రెండో మాట లేదు. కానీ ఆ ఇల్లు పెరగదు. పెరగని ఇంట్లో మంచాలు పెరగవు, మంచాలు పెరగకపోతే ఏ వేదికలోనూ దానికి పాయింట్లు రావు. కాకతీయులు నగరాన్ని కొలవడం మొదలుపెట్టిన బిందువుకి కూతవేటు దూరంలో ఉన్న ఇల్లది. "మా గుమ్మంల నిలబడితె తోరణం కనబడతది సార్, గంతకంటె ఏం గావాలె?" అన్నాడాయన. నిజంగానే కనిపించింది. సాయంత్రం తోరణం మీద దీపాల వెలుగు పడితే ఆ వాకిట్లో మంచం వేసుకుని చూడటానికి ప్రపంచంలో ఎక్కడినుంచైనా రావొచ్చు.

కొత్తవాడ వైపు కాసేపే తిరిగాం. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ జంపఖానాలు నేసేది అక్కడే. మగ్గం ఉన్న ఇంట్లో అతిథికి గది దొరికితే నేత నేర్చుకునే విద్యార్థికి అదే నడిబొడ్డు.

రామప్ప గుడికి ఒక పూట వెళ్లొచ్చాం. డెబ్భై కిలోమీటర్లకి కాస్త లోపు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక బయటి దేశాలవాళ్లు పెరిగారని బస్సులో పక్క సీటాయన చెప్పాడు. వాళ్లలో చాలామంది హైదరాబాద్‌లో దిగి, పొద్దున్నే కారులో వచ్చి, చీకటి పడేలోపు తిరిగి వెళ్లిపోతారట. దాంతో వరంగల్లో రాత్రి ఉండేవాళ్లు తక్కువ. రాత్రి ఉండేవాళ్లు తక్కువైతే ఇళ్లకి గిరాకీ తక్కువ, గిరాకీ తక్కువైతే పాయింట్లు తక్కువ. పాయింట్లు తక్కువగా కనిపించే ఊరు వెతికేవాళ్ల కళ్లకి చిన్నదిగా కనిపిస్తుంది. ఒకదాన్నొకటి కిందికి లాగుతూ పోతాయి.

అదే ఊళ్లో నేలకి ఇంకో తూకం ఉంది. అది గజాల్లో నడుస్తుంది. చౌరస్తా దగ్గర చాయ్ తాగుతుంటే పక్కన ఇద్దరు ప్లాటు బేరం చేసుకుంటున్నారు. నక్కలగుట్ట, హంటర్ రోడ్డు, సుబేదారి పేర్లు దొర్లుతున్నాయి. కార్నరు బిట్టా, ఈశాన్యం పెరిగిందా, రోడ్డు ఎన్ని అడుగులు అని ఒకాయన అడుగుతున్నాడు. సర్కారు విలువ వేరు, బయటి రేటు వేరు. 2021 జూలైలో, మళ్లీ 2022 ఫిబ్రవరిలో రాష్ట్రం భూముల విలువలు సవరించింది. ఆ సవరణలో ప్రతి వీధికీ ఒక అంకె ఉంది. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆ అంకె ఏ వీధిదో తెలుస్తుంది, దాన్ని చూసి వాదించొచ్చు. మార్పిడి వేదికల్లో ఊరు మొత్తానికి ఒక రంగు పులిమినట్టు ఉంటుంది. మాకు ఇల్లిచ్చిన ఇంటాయన పాయింట్లు ఎందుకు తక్కువో అడిగితే సదుపాయాలు పెంచుకోమన్న సలహా వచ్చిందట. సందు వెడల్పు చేయడం ఆయన చేతిలో లేదు కదా.

ఇంకొకటి, కాలం. ఈ ఊళ్లో చోటు విలువ తిథిని బట్టి మారుతుంది. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతర. ఆ రోజుల్లో హనుమకొండ బస్టాండు చుట్టుపక్కల ఇళ్లలో చుట్టాలు, చుట్టాల చుట్టాలు వాకిళ్లలో చాపలు పరుచుకుని పడుకుంటారు. బతుకమ్మ మొదలయ్యే ఎంగిలిపూల రోజున వెయ్యి స్తంభాల గుడి ముందు నేల కనిపించదు. పద్మాక్షి గుట్ట కింద గుండంలో బతుకమ్మలు పూల దీవుల్లా తేలుతాయి. ఆ సాయంత్రం ఈ సందులో ఇంటికి ఉన్న విలువని ఏ నగరంలోని ఫ్లాటూ అందుకోలేదు. మా వేదికలో మాత్రం ఏడాది పొడుగునా ఒకటే అంకె.

పాయింట్లే వద్దని నేను అనను. పాయింట్లు లేకపోతే విశాఖ మనిషికి హనుమకొండ మనిషి తటస్థపడేవాడే కాదు. కానీ 1953 నాటి ఉపాధ్యాయులు మొదలుపెట్టిన మాట వేరు, నా ఇల్లు నీకు, నీ ఇల్లు నాకు. ఇవాళ హనుమకొండ దంపతులు బెంగళూరులోనో పారిస్‌లోనో ఒక్క రాత్రి ఉండాలంటే తమ ఇంటిని అంతకు ఎన్నో రెట్లు రాత్రులు ఇవ్వాలి. వాళ్లింటికి వచ్చినవాడికి దొరికేది తక్కువైతే సరేననుకోవచ్చు. తక్కువ దొరకలేదు. మా మధురవాడ ఫ్లాటులో వాళ్లకి ఏసీ దొరికింది, బాల్కనీలోంచి కొండ కనిపించింది. సముద్రం చూడటానికి వాళ్లు రోజూ క్యాబులకి పెట్టిన ఖర్చు, ట్రాఫిక్‌లో పోగొట్టుకున్న పొద్దులు మా ఇంటి పాయింట్లలోంచి ఎవరూ తీసెయ్యలేదు. గదులు అద్దెకిచ్చే ఎయిర్‌బీఎన్‌బీలో ఉండి వెళ్లినవాళ్లు లొకేషన్‌కి విడిగా నక్షత్రాలు ఇస్తారు. మార్పిడి వేదికలు కనీసం అంతవరకైనా రావాలి. చోటు విలువని అక్కడ పడుకుని లేచినవాళ్లు చెప్పాలి. ఆ మాటకి పాయింట్లు పెంచే, తగ్గించే బలం ఉండాలి.

బయల్దేరే ముందు ఇంటాయనతో ఫోన్లో మాట్లాడాను. నోటు పుస్తకంలోని నడక దారులన్నీ టైపు చేసి, ఫొటోలతో సహా ఇంటి వివరాల్లో పెట్టమని చెప్పాను. "పెడితె పాయింట్లు పెరుగుతయంటరా సార్?" అని అడిగారు. ఇప్పటి లెక్కలో పెరగకపోవచ్చన్నాను. అయినా పెట్టాలి, తేదీలతో సహా పెట్టాలి. జాతర ఎప్పుడో, ఎంగిలిపూలు ఎప్పుడో, కోటలో దీపాలు ఎప్పుడు వెలుగుతాయో చూసి వచ్చేవాళ్లు ఉంటారు. సరే, రాత్రికే మొదలుపెడతానన్నారు. నేను రాయాల్సిన అతిథి అభిప్రాయంలో ఇంటి శుభ్రత గురించి ఒక్క వాక్యమే రాశాను. మిగిలినదంతా ఆ గుమ్మం నుంచి ఏది ఎన్ని నిమిషాల నడకో, ఏ వేళలో వెళ్లాలో వివరంగా రాశాను. లెక్కలోకి రాకపోయినా చదివేవాళ్ల కళ్లలో పడుతుంది. ఈసారి మా ఫ్లాటు వివరాల్లో సముద్రం ఎంత దూరమో, క్యాబుకి ఎంతవుతుందో కూడా చేర్చాను.